ఏడో భాగం, ముప్పై అయిదు ఫారాలు

బైండింగ్ షాపు,
జూన్ 3.

చిట్టెలుకా,

ముందే చెబుతున్నాను, పొట్లం విప్పి కెవ్వుమనకు. అవును, పుస్తకాన్ని విప్పేశాను. ఇంకా అచ్చు వాసన కూడా పోని కొత్త పుస్తకం. వెన్ను ఒలిచి కుట్టుదారాలు తెంపుతుంటే, ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, నాకే ప్రాణం ఒప్పలేదు. ఏం చెయ్యమంటావు? పదకొండు వందల ఇరవై పేజీలు. మీ దీవికొచ్చే లాంచీలో పావుకిలో దాటిన పొట్లం ఎక్కించనంటాడు ఆ సరంగు. పైగా చేత్తో బరువు చూసి, "ఇది పుస్తకమా, ఇటుకా?" అని నా మొహం మీదే అడిగాడు.

అందుకని ఏడో భాగం ఇప్పుడు ముప్పై అయిదు ఫారాలు. ఒక్కోటి ముప్పై రెండు పేజీల మడత. లాంచీ పదిహేను రోజులకోసారి కదా, వచ్చినప్పుడల్లా మూడేసి పంపుతాను. నేను చదివి నీకు పంపడం, నువ్వు చదివి తర్వాతి లాంచీలో తిప్పి పంపడం. అన్నీ చేరాక మళ్ళీ కుట్టి, తోలు వెన్ను వేసి, ఎప్పుడైనా విప్పారా అన్నట్టు తయారుచేస్తాను. పాత షరతు పాత షరతే. నీకు మూడో ఫారం చేరేదాకా నేను నాలుగోది ముట్టను.

మీ అమ్మానాన్నలు పోయి నువ్వు నా దగ్గరికొచ్చిన ఏడాది మొదటి భాగం తెచ్చాను. గుర్తుందా? తొమ్మిదేళ్ళ పిల్లవి. రెండు నెలలు నోరు విప్పలేదు. నేను చదివి వినిపిస్తుంటే, గుర్రాలవాడు నదిలో పడిన చోట "తర్వాత?" అన్నావు. ఆ రోజు వంట మానేసి సాయంత్రం దాకా చదివాను. నువ్వేమో వింటూ పేజీల మూలలు నమిలేశావు. పదిహేడేళ్ళయింది, ఆరు భాగాలయ్యాయి. ఆ మహానుభావుడు పదమూడు రాస్తానన్నాడు. నేనుండగా పూర్తి చేస్తాడో లేదో!

వేళకి తిను. థర్మామీటర్లు చూసుకుంటూ తడిసిపోకు.

మీ పిన్ని.


వాతావరణ కేంద్రం, దీవి.
జులై 15.

పిన్నీ,

తొమ్మిది ఫారాలు. అంటే రెండు వందల ఎనభై ఎనిమిది పేజీలు. రాణి ఎక్కడుంది? బురదలో. మొదటి పేజీలో ఎక్కడుంది? బురదలోనే.

ఆరో భాగం చివర కోట తలుపులు బద్దలుకొడతామని రాణీ, ఆమె సైన్యమూ కత్తులెత్తి ప్రమాణం చేశారా లేదా? నువ్వూ నేనూ లేచి నిలబడి మరీ చదివామా లేదా? ఇప్పుడేమిటి ఈ చోద్యం? ఒక్క కత్తి కూడా ఒరలోంచి బయటికి రాలేదు. గుడారాలు వేస్తారు, పీకుతారు. బట్టలు ఆరబెడతారు, మళ్ళీ తడుస్తారు. బూట్లు కుట్టుకోవడానికి ముప్పై పేజీలా, పిన్నీ? నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ మూడు గంటలకోసారి లేచి వెళ్ళి వానకొలత చూసి రాస్తుంటాను కదా, పని మానేసి పుస్తకం పట్టుకుంటే అందులోనూ వానే.

మా పెద్దాయన (కేంద్రం అధికారి, మీసాల మీద కూడా తేమ కొలిచే రకం) ఏం చదువుతున్నావని అడిగితే కథ చెప్పాను. "అయితే ఇంకా ఏమీ జరగలేదన్నమాట" అన్నాడు. ఔనన్నాను. "నివేదికలో అలాగే రాయాలి" అన్నాడు.

అసలు విషయం. ఏడో ఫారం నుంచీ అంచుల్లో పెన్సిల్ రాతలున్నాయి. "అర మైలు." "ముప్పావు మైలు." "ఇవాళ కదల్లేదు." నీ చేతిరాత కాదు. పుస్తకం మీద గీత కనిపిస్తే కస్టమర్ల మీదే విరుచుకుపడే మనిషివి, మన పుస్తకం మీద గీతలు పెట్టనిచ్చావా? ఎవరా ఘనుడు?

నీ చిట్టెలుక.


బైండింగ్ షాపు,
జులై 29.

చిట్టెలుకా,

ఆయనా? కస్టమరు. రిటైరైన సర్వేయరు. నలభై ఏళ్ళ కొలతల పుస్తకాలు చెదలు పట్టకుండా బైండు చేయించుకుందామని తెచ్చాడు. భూమి కొలిచే గొలుసు ఇప్పటికీ సంచిలో వేసుకుని తిరుగుతాడు. అందుకని నేను గొలుసాయన అంటాను, ఆయన ముందు కాదనుకో.

పోయిన చలికాలంలో బల్ల మీద మన ఆరో భాగం మ్యాపు పరిచి ఉంటే చూశాడు. కళ్ళద్దాలు సర్దుకుని, "ఈ నది కొండెక్కుతోందండీ" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. పదిహేడేళ్ళుగా మనం చూస్తున్న నది, ఎప్పుడైనా గమనించామా? ఆ తర్వాత ఒకటో భాగం నుంచీ పట్టుకెళ్ళి వరసగా అన్నీ చదివేశాడు. ఇప్పుడు ఏడో భాగం నా తర్వాత ఆయన, ఆయన తర్వాత నువ్వు. సైన్యం రోజుకెంత నడుస్తోందో లెక్క కడుతున్నాడు. తొమ్మిది ఫారాల్లో పదకొండు మైళ్ళట. "నా గొలుసు మోసే కూలీలు ఇంతకంటే నయం" అన్నాడు. పెన్సిలే కదా, రబ్బరుతో పోతుంది. ఎందుకంత రాద్ధాంతం?

నాకైతే ఈ భాగం బాగుంది. నిజంగా. బూట్లు కుట్టే అధ్యాయం రెండుసార్లు చదివాను. సూదీ దారం పట్టుకున్న మనిషి గురించి ముప్పై పేజీలు రాసిన రచయితని నేనేమీ అనను. అయినా నాకేం తొందర? కోట ఎక్కడికి పోతుంది?

దగ్గు తగ్గిందా? రాయలేదు.

పిన్ని.


వాతావరణ కేంద్రం, దీవి.
ఆగస్టు 12.

పిన్నీ,

పోయిన చలికాలమా! చలికాలం నుంచి ఇప్పటిదాకా నాకు రాసిన ఉత్తరాల్లో పక్కింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో కూడా ఉంది. ఈయన ఊసే లేదు. కస్టమరట! ఆరు భాగాలు ఇంటికి పట్టుకెళ్ళే కస్టమరు! నా చిన్నప్పటి స్నేహితురాలు ఒక్కటడిగితే "పుస్తకాలు గడప దాటవు" అన్న పిన్నివి నువ్వేనా?

ఆటపట్టిస్తున్నాలే. కొంచెం ఉడుక్కుంటున్నాను కూడా, దాచడం ఎందుకు. ఇన్నేళ్ళూ నీ తర్వాత నేను. ఇప్పుడు మూడోదాన్నయ్యాను.

పదిహేనో ఫారం అయింది. రాణికి జలుబు చేసింది. అదే ఈ నెల యుద్ధం.

దగ్గు తగ్గింది.

చిట్టెలుక.


వాతావరణ కేంద్రం, దీవి.
సెప్టెంబర్ 9.

పిన్నీ,

నీ పోయిన ఉత్తరం నాలుగంటే నాలుగే వాక్యాలు. అందులో రెండు వాన గురించి. వాన గురించి నాకు చెబుతావా?

సరే, కూర్చుని విను. పోయిన పొట్లంలో వచ్చిన ఫారాలు చదివాను. పంతొమ్మిదో దాంట్లో గుడారాలు వేశారు. తర్వాతి దాంట్లో గుడారాలు పీకారు. ఆ తర్వాతి దాంట్లో మళ్ళీ అవే గుడారాలు, జలుబు తగ్గిన రాణికి మళ్ళీ జలుబు. ఎప్పటిలాగే సాగదీస్తున్నాడులే అనుకుని, ఆవులించుకుంటూ చదివేశాను. అంచులో గొలుసాయన రాత కనిపించింది. "మూడు మైళ్ళు వెనక్కి నడిచారు. కారణం తెలియదు."

అప్పుడు పేజీ నంబర్లు చూశాను. ఇరవై ఒకటో ఫారం ముందు పెట్టి, దాని వెనక ఇరవయ్యోది పెట్టావు!

పిన్నీ, నువ్వు! కళ్ళు మూసుకుని వెయ్యి పేజీలు వరసపెట్టే మనిషివి. ఫారాలు తారుమారు చేశాడని మీ కొట్లో ఒకతన్ని వారం రోజులు మాట్లాడకుండా సాధించిన మనిషివి. ఇక ఆయనగారు, నది ఎటు పారుతోందో మ్యాపు చూసి పట్టేసే పెద్దమనిషి, పేజీ నంబరు చూడకుండా సైన్యాన్ని వెనక్కి కొలిచేశాడా? ఇద్దరూ ఒకే వారంలో తప్పు చేశారంటే ఆ వారం అక్కడ ఏదో జరిగింది. నేను పరిశీలకురాలిని, పిన్నీ. నాకు జీతమిచ్చేదే దీనికి.

ఒంట్లో బాగాలేదా? షాపుకేమైనా అయిందా? దాచకు.

చిట్టెలుక.


బైండింగ్ షాపు,
సెప్టెంబర్ 23.

చిట్టెలుకా,

నాకు ఒంట్లో శుభ్రంగా ఉంది. షాపు ఉన్నచోటే ఉంది. ఫారాల సంగతి చదివి సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనకి చెబితే, "పేజీ నంబర్లు చూసే స్థితిలో లేనండీ ఆ రోజు" అన్నాడు.

చెప్పేస్తాను. ఎన్ని కాగితాలు చింపానో అడగకు.

ఆ ఫారాలు పంపే ముందు ఆదివారం, షాపు మూసి ఉండగా వచ్చి, నిలబడే, తనని పెళ్ళి చేసుకుంటానా అని అడిగాడు. యాభై ఒకటో ఏట, చేతులకి జిగురు, జుట్టు నిండా కాగితం పొడి. నోటికొచ్చింది అనేశాను.

"ఈ భాగం పూర్తయ్యాక చెబుతాను" అన్నాను.

"ఇంకెంత దూరముంది?" అన్నాడు.

"పద్నాలుగు ఫారాలు."

"అంతా బురదేనా?"

"బురదే."

"సరే, నడుస్తాను" అన్నాడు. అంతే. మర్నాడు నేను ఫారాలు ఏ వరసలో పెట్టానో నాకు తెలియదు, ఏ వరసలో చదివాడో ఆయనకీ తెలియదు.

ఈ భాగం నాకెందుకు బాగుందో ఇప్పుడు తెలిసిందా? రాణి ఇంకో వంద పేజీలు జలుబుతో పడి ఉన్నా నాకు ఫరవాలేదనిపించింది. పుస్తకం అవలేదు కాబట్టి నేను జవాబు చెప్పక్కర్లేదు. కానీ పోయిన వారం ఆయన కొలతల పుస్తకం ఒకటి కుట్టు విప్పుతుంటే అందులోంచి ఉత్తరం జారిపడింది. చదవకూడదు, చదివాను. వేరే ఊళ్ళో సర్వే స్కూలు వాళ్ళు పాఠాలు చెప్పడానికి రమ్మంటున్నారు. నవంబర్ ఒకటిలోగా జవాబు చెప్పాలట. ఆయన ఆ మాటే నాకు చెప్పలేదు. నిలదీస్తే, "మీరు సరేనంటే వెళ్ళను, కాదంటే వెళ్తాను. మిమ్మల్ని తొందరపెట్టడం ఎందుకని చెప్పలేదు" అన్నాడు. మన లెక్క ప్రకారం ముప్పై అయిదో ఫారం నీకు పంపేది నవంబర్ నాలుగున. మూడు రోజులు తేడా.

ఆయనంటే నాకు ఇష్టమే, చిట్టెలుకా. నీ దగ్గర దాపరికం ఏముంది. ఆయన షాపులో కూర్చుంటే పని చకచకా అవుతుంది, వెళ్ళాక రోజు పొడుగవుతుంది. కానీ ఈ ఇల్లు నీకూ నాకూ అని మొదలైంది. ఇంకో మనిషి వస్తే, నువ్వు సెలవుకొచ్చినప్పుడు చుట్టపుచూపుగా వచ్చినట్టు గుమ్మంలో నిలబడతావేమోనని నా భయం. అది నేను భరించలేను. నువ్వేమంటావో రాయి.

పిన్ని.


వాతావరణ కేంద్రం, దీవి.
అక్టోబర్ 7.

పిన్నికి,

ఉత్తరం అందింది. ఉష్ణోగ్రత ఇరవై ఒకటి. గాలి ఈశాన్యం నుంచి. నిన్నటి వాన నాలుగు మిల్లీమీటర్లు.

ఇరవై అయిదు నుంచి ఇరవై ఏడు దాకా ఫారాలు తిప్పి పంపుతున్నాను. వరసలోనే ఉన్నాయి.

నీ జీవితం నీ ఇష్టం. నన్నడగాల్సిన పని లేదు.

ఇట్లు,
పరిశీలకురాలు.


బైండింగ్ షాపు,
అక్టోబర్ 21.

చిట్టెలుకా,

ఊరంతటికీ పంపే వాతావరణ నివేదిక నువ్వు నాకు పంపడం ఇదే మొదటిసారి. చదివి కోపం రాలేదు. తొమ్మిదేళ్ళప్పుడు కిటికీ దగ్గర కూర్చుని రెండు నెలలు మాట్లాడని పిల్ల కళ్ళ ముందు నిలబడింది. ఆ పిల్ల మళ్ళీ మూగబోతే నా వల్ల కాదమ్మా.

సోమవారం వెళ్ళి కాదని చెప్పేస్తాను. ఆయన సామాను సర్దుకోవడానికి వ్యవధి ఉండాలి కదా. నువ్వేమీ అనుకోకు, నేను బాగానే ఉంటాను. ఇన్నేళ్ళూ ఉన్నాను.

మిగిలిన అయిదు ఫారాలూ ఒకేసారి పంపుతున్నాను. సరంగుని బతిమాలి బరువు మాఫీ చేయించాను. నేను చదవలేదు. ఈసారి నువ్వే ముందు చదువు.

పిన్ని.


వాతావరణ కేంద్రం, దీవి.
అక్టోబర్ 22.

పిన్నీ,

ఈ ఉత్తరం నవంబర్ నాలుగుదాకా నా బల్ల మీదే పడి ఉంటుంది. అప్పటికి నువ్వు కాదని చెప్పేసి ఉంటావు. ఈ దీవి మీద పడవ లేదు, ఉంటే తెడ్డేసుకుని వచ్చి నీ నోరు మూసేదాన్ని.

నేను పాపిష్ఠిదాన్ని. పదిహేను రోజులు కూర్చుని ఆలోచించి మరీ ఆ నాలుగు ముక్కలు రాశాను. నిన్ను ఏడిపించాలనే రాశాను. నాకు భయమేసింది, అంతే. పుస్తకం మీద గీతల వల్ల కాదు, ఆయన మీద కోపంతోనూ కాదు. ఇక్కడ గాలి మొదలైతే తలుపులు కొట్టుకుంటాయి, అప్పుడు "నాకు ఒక ఇల్లుంది, అందులో పిన్ని ఉంది, లైటు కింద ఫారాలు మడుస్తోంది" అనుకుని పడుకుంటాను. ఆ బొమ్మలోకి ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే నేనెక్కడ కూర్చోవాలా అనిపించింది. ఇరవై ఆరేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు. నువ్వు "ఇన్నేళ్ళూ ఉన్నాను" అన్నావే, అది చదివి గదిలోకి పోయి ఏడ్చాను. ఇన్నేళ్ళూ నువ్వు నాతో ఉన్నావు. నేను దీవికొచ్చి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ నువ్వు ఎవరితో ఉన్నావు? పక్కింటి పిల్లితో.

ఫోను ప్రధాన కార్యాలయానికి అంకెలు చదవడానికే, సొంత మాటలు నిషిద్ధం. తెలుసు. మధ్యాహ్నం అంకెలు చదివేశాక, పెద్దాయన ఎదురుగా కూర్చుని ఉండగానే, "ఇంకో మాట రాసుకోండి: బైండింగ్ షాపు పిన్నికి, వద్దనకు" అని చెప్పి పెట్టేశాను. పెద్దాయన సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఇస్తాను. అది నీకు చేరిందో లేదో తెలియదు. చేరాలి.

చిట్టెలుక.


బైండింగ్ షాపు,
నవంబర్ 3.

ఒసే చిట్టెలుకా,

వాతావరణ కార్యాలయం గుమాస్తా వచ్చాడు. సోమవారం మధ్యాహ్నం. పాపం, నాలుగు రోజులు ఆ వాక్యం ఏ తుఫానుకి సంకేతమో తెలియక అక్కడందరూ తలలు పట్టుకున్నారట. పాత సంకేతాల పుస్తకాలు కూడా తిరగేశారట. చివరికి ఎవరికో ఇది షాపు పేరేమోనని తట్టింది. "మేడమ్, ఇది మీకేనా?" అని కాగితం చాపాడు. చదివి, అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. గుమాస్తా కంగారుపడి గాలి వేగం ఎంతో చెప్పాడు, నేను అడక్కపోయినా.

ఇప్పుడు నిజం చెబుతాను, కోప్పడకు. ఆ కాగితం వచ్చేసరికి నేను చెప్పడం అయిపోయింది.

ఆ పొద్దున పదింటికే గొలుసాయన గదికి వెళ్ళాను. బయట వాన. ఎలా చెప్పాలో దారంతా వల్లెవేసుకున్నాను. తలుపు తీసే ఉంది. బల్ల మీద పెద్ద కాగితం. ఆ బురదనేలంతా కొలత ప్రకారం గీస్తున్నాడు. ఎక్కడ గుడారాలు వేశారు, ఎక్కడ రాణికి జలుబు చేసింది, ఏ లాంచీ రోజుకి ఎంత దూరం వచ్చారు, అన్నీ. నది కొండ దిగేలా సరిచేశాడు కూడా.

"ఇదెందుకు?" అన్నాను.

"దీవిలో అమ్మాయికి విసుగ్గా ఉందన్నారుగా. ఎంత దూరం వచ్చారో కనిపిస్తే అంత విసుగుండదు" అన్నాడు తలెత్తకుండా.

"నేను కాదని చెప్పడానికి వచ్చాను" అన్నాను.

"తెలుస్తోందండీ. గొడుగు మూయలేదు" అన్నాడు.

చూసుకుంటే నిజమే, గదిలో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాను. నువ్వు మాట్లాడని రోజుల్లో నేను నీ కోసం ఏం చేశానో అదే ఈ మనిషి ముక్కూ మొహం తెలియని నీ కోసం చేస్తున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలియదు కూడా. గొడుగు మూసి మూలన పెట్టాను. నీ అనుమతి లేకుండానే మూశాను. సర్వే స్కూలుకి రానని ఆయన ఆ పూటే రాసేశాడు.

మ్యాపు గొట్టంలో చుట్టి పంపుతున్నాను. బరువు గురించి సరంగుతో ఆయనే మాట్లాడాడు. ఏం చెప్పాడో ఏమో, సరంగు ఆయనకి నమస్కారం పెట్టాడు.

మీ పిన్ని.


వాతావరణ కేంద్రం, దీవి.
నవంబర్ 18.

బాబాయ్ గారికి,

నమస్కారం. నేను చిట్టెలుకని. ఈ పేరుతో మీరు పిలవడానికి ఇంకా ఒక ఏడాది పడుతుంది.

మ్యాపు గోడకి అంటించాను. మా పెద్దాయన రోజూ దాని ముందు నిలబడి, "ఇక్కడ వానపాతం ఎంతుంటుందంటావు?" అని అడుగుతున్నాడు. నా సంజాయిషీ సంగతి మరిచిపోయాడు, మీ పుణ్యమా అని.

చివరి అయిదు ఫారాలూ తిప్పి పంపుతున్నాను. చదివాను. వాళ్ళు బురద దాటారో లేదో చెప్పను. ముందు పిన్ని, తర్వాత మీరు. అంకెలు ఎన్నైనా రాసుకోండి, కానీ ఎవరైనా చచ్చిపోయే పేజీ అంచులో ఏమీ రాయకండి, ఎనిమిదో భాగం నుంచి మళ్ళీ నేను మీ తర్వాతే చదువుతాను కదా.

పిన్ని గురించి కొన్ని చెప్పాలి. కోపం వస్తే మాట్లాడదు, ఇస్త్రీ చేస్తుంది. అప్పుడు అడ్డం వెళ్ళకండి. పనిలో పడితే తిండి మరిచిపోతుంది, "తిన్నారా" అని అడిగితే తిన్నానని అబద్ధం చెబుతుంది, గిన్నె చూసి తేల్చుకోండి. మనసు బాగాలేకపోతే వాన గురించి రాస్తుంది, మాట్లాడుతుంది. ఆవిడ ఎవరినీ ఏమీ అడగదు. మీరు అడిగారు కాబట్టి సరిపోయింది.

మీ కాగితాలు, మ్యాపులు చాలా ఉంటాయని పిన్ని రాసింది. మీ గదిలోవన్నీ ఇంటికి తెచ్చుకోండి. హాల్లో పెట్టి ఆవిడతో తిట్లు తినకండి. వెనక వైపు నా గది ఉంది, అందులో పెద్ద బల్ల ఉంది, పొద్దున్నే ఎండ వస్తుంది, గీసుకోవడానికి బాగుంటుంది. అది వాడుకోండి. మంచం మాత్రం తీయకండి. నాకు జనవరిలో సెలవు.